మీరు చూసిందే రాయండి

కోసిగి,
డిసెంబర్ మొదటి వారం

అక్కకు,

వందనాలు. నేను బాగానే ఉన్నాను. ఫోన్‌లో మాట్లాడుకుంటే కడపకు నా బదిలీ సంగతి రాకుండా ఉండదు, అది వచ్చాక మనలో ఒకరు ఫోన్ పెట్టేయకుండా ఉండరు. ఉత్తరాలు రాసుకుందామని నువ్వన్నది మంచిమాట. నీ బటన్ ఫోన్‌కు మెసేజ్ పెడితే నువ్వు ఎటూ చూడవు.

పోయిన సోమవారం ఆటో ఎక్కి పక్క ఊళ్ళో ఉన్న మా బడికి వెళ్తే గేటు తీసి ఉంది, పిల్లలు లేరు. హెడ్మాస్టరు వెంకటేశ్వర్లు సార్ ఒక్కడే వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తుఫాను వల్ల సోమవారం బడులన్నిటికీ సెలవని ఆదివారం ఊరంతా వాట్సాప్‌లో తిరిగిందట. కలెక్టరు ఉత్తర్వు, కింద సంతకం, గుండ్రటి ముద్ర. పిల్లలు రాలేదు. మా తెలుగు సార్ కూడా రాలేదు.

సార్ ఆకాశం వైపు చెయ్యి చూపించి, "సూడు మేడమ్, ఎండ మండిపోతాంది. తుఫాను యాడుండాది?" అన్నాడు.

ఆ కాగితాన్ని ఫోన్‌లో పెద్దది చేసి చూశాను. తారీఖు నిరుటిది. పైన రాసిన జిల్లా మనది కాదు. ఊరంతా ముద్రను చూసింది, పైన ఉన్న రెండు వరుసలు ఎవరూ చదవలేదు.

"నువ్వు సోషల్ మేడమ్ కదా, శనివారం ఆఖరి పీరియడ్ తొమ్మిదో తరగతికి ఇదే సెప్పు. ఫోన్లో వచ్చినదాన్ని ఎట్ల నమ్మల్ల, ఎట్ల నమ్మకూడదు అని," అని సార్ నా మీద పెట్టేశాడు. వద్దనడానికి ఓపిక లేక సరేనన్నాను. పొద్దున హాజరు ఫొటోలు, మధ్యాహ్నం అన్నం ఫొటోలు, సాయంత్రం అవి ఎక్కలేదని పైనుంచి ఫోన్లు. వీటి మధ్య పాఠం చెప్పడమే ఏదో దొంగతనంగా చేసే పనిలా ఉంది. తరగతిలో సగం బెంచీలు ఖాళీ. దీపావళి అయిపోగానే జనం సుగ్గికి వెళ్ళిపోయారు. ఇక్కడ పనులు లేని నెలల్లో వేరే జిల్లాలకు కూలికి పోవడాన్ని సుగ్గి అంటారని నీకు చెప్పాను కదా. కొందరు పిల్లల్ని వెంట తీసుకుపోతారు, కొందరు అవ్వ దగ్గర వదిలిపోతారు.

బావకు నా వందనాలు చెప్పు. బదిలీ సంగతి ఇందులో రాయలేదు, చూశావా.

నీ చెల్లెలు,
క్రిస్టినా

*

కడప,
క్రిస్మస్‌కు ముందు

క్రిస్టినాకు,

నీ ఉత్తరం డ్యూటీ గదిలో కూర్చుని చదివాను. చదవడం మొదలుపెట్టాక ముగ్గురు పిలిచారు. ముగ్గురికీ పలికి వచ్చి మళ్ళీ మొదటినుంచి చదివాను.

నువ్వు చెప్పబోయే పాఠం నేను ఈ వార్డులో రోజూ చెప్తున్నాను. మొన్న ఒక పెద్దాయనను తెచ్చారు. కామెర్లు. ఏదో వీడియోలో చూసి ఇంట్లో ఆకు పసరు పోస్తూ కూర్చున్నారు. కళ్ళు నిమ్మపండులా ఉన్నాయి. ఎందుకింత ఆలస్యం చేశారంటే, కొడుకు ఫోన్ తీసి నాకు చూపించబోయాడు. "లక్షల మంది సూసినారు సిస్టర్, అంతమంది ఎర్రోళ్ళా?" అన్నాడు. జవాబు చెప్పేంత టైము లేదు.

మీ బావ సంగతి అడగవద్దు. ఉదయం లేవగానే చర్చి గ్రూపులో వచ్చినవన్నీ నాకు చదివి వినిపిస్తాడు. నేను టీ కాస్తూ ఊఁ కొడతాను. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఊఁ కొట్టడం బాగా నేర్చుకున్నాను.

నీ పిల్లలకు నువ్వు చెప్తావు. వాళ్ళు విని ఇంటికి పోయి చెప్తే పెద్దవాళ్ళు వింటారా? నాకు నమ్మకం లేదు.

అమ్మ పోయాక నువ్వక్కడ ఒంటరిగా గది తీసుకుని ఉంటే నాకు అన్నం సయించదు. ఇక్కడ మా ఇంట్లో ఒక గది ఖాళీ. ఇది బదిలీ సంగతి కాదు, గది సంగతి.

నీ అక్క,
ఏసుమణి

*

కోసిగి,
జనవరి చివర

అక్కకు,

పెద్దవాళ్ళు వింటారా అని అడిగావు కదా. విన్నారు.

మొదటినుంచి చెప్తాను. శనివారం పాఠానికి బోర్డు మీద మూడే ప్రశ్నలు రాశాను. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఇంకెవరైనా చెప్పారా. బడిలో ఒక పాత కంప్యూటరు ఉంది, కరెంటు ఉన్నప్పుడు నెట్ ఉండదు, నెట్ ఉన్నప్పుడు కరెంటు ఉండదు. అందుకని నా ఫోన్‌నే బెంచీ బెంచీకి తిప్పుతాను. ఒకరోజు ఒక వెబ్‌సైట్ చూపించాను. శనక్కాయలు తింటే పిల్లలు ఎత్తు పెరగరని అందులో పెద్ద వ్యాసం, పక్కన తెల్లకోటు వేసుకున్న మనిషి బొమ్మ. రోజూ శనక్కాయలు జేబులో పోసుకుని వచ్చే పిల్లలకు నవ్వు ఆగలేదు. ఆ తెల్లకోటాయన పేరేమిటి, ఏ ఊరు అని వెతికిస్తే ఎక్కడా లేదు. పేజీ కిందికి పోతే ఎత్తు పెరిగే పొడి డబ్బా అమ్ముతున్నాడు.

వెనక బెంచీలో ఓబుళేశు లేచాడు. "అమ్మేటోడు సెప్తే అబద్ధమేనా మేడమ్? మా నాయన టమాటాలు అమ్ముతాడు. బాగుండాయనే సెప్తాడు. బాగనే ఉంటాయి."

ఏం చెప్పాలి? "అబద్ధం అని కాదురా, ఇంకొకరిని కూడా అడగాలని," అన్నాను. వాడు తృప్తిపడలేదు. నేనూ పడలేదు. అంతలో గంట కొట్టారు.

తరగతిలో ఆరాధన అని ఒకమ్మాయి ఉంది. అమ్మానాన్నలు రాహేలమ్మ, ఏసేపు క్రిస్మస్ ప్రార్థనలు అయ్యేదాకా ఆగి, మైదుకూరు వైపు పసుపు తవ్వే పనికి వెళ్ళారు. పిల్ల అవ్వ దగ్గర ఉంటుంది. ఎక్కువ మాట్లాడదు. నేను చూపించిన దాంట్లో నేను చూడనిది చూస్తుంది.

సంక్రాంతి సెలవుల తర్వాత ఒక వీడియో వచ్చింది. లారీ బోల్తా పడి ఉంది, రోడ్డు మీద మనుషులు, ఏడుపులు. "కోసిగి కూలీల లారీ" అని కింద రాసి ఉంది. సుగ్గికి మనిషిని పంపని ఇల్లు ఈ ఊళ్ళో లేదు. ఆడవాళ్ళు వీధుల్లోకి వచ్చి ఏడుస్తున్నారు. ఆరాధన ఆ వీడియోను ఆపి ఆపి చూసి నా దగ్గరికి పట్టుకొచ్చింది. "మేడమ్, ఈడ సూడండి. అంగడి బోర్డు మీద అచ్చరాలు మనవి కాదు, కన్నడమూ కాదు. అందరూ స్వెట్టర్లు ఏసుకోనుండారు. మనోళ్ళకు స్వెట్టర్లు యాడివి?" అంది. వెతికితే అది ఉత్తరాన ఎక్కడో కొన్నేళ్ళ కింద జరిగింది.

పిల్లలు ఇంటింటికీ పోయి చెప్పారు. పెద్దవాళ్ళు విన్నారక్కా. ఆరాధన వాళ్ళవ్వ సాయంత్రం బడికి వచ్చి, "మా పాప సదువు అక్కరకొచ్చినాది" అని నా చేతిలో వేయించిన శనక్కాయలు పోసింది. అప్పటినుంచి ఊళ్ళో ఏ మెసేజ్ వచ్చినా మా తరగతి దగ్గరికి తెస్తున్నారు. ఇది నిజమా మేడమ్, ఇది అబద్ధమా మేడమ్. ఆటో దిగేలోపే మొదలు. సంతోషంగానే ఉంది గానీ, అలసటగా కూడా ఉంది. తెలియదు అని చెప్తే ఎవరికీ నచ్చదు. ముఖాలు చిన్నబుచ్చుకుంటారు. అందుకని ఏదో ఒకటి తేల్చి చెప్పడం అలవాటవుతోంది.

గది సంగతికి జవాబు తర్వాత రాస్తాను.

క్రిస్టినా

*

కడప,
ఫిబ్రవరి, ఆదివారం

క్రిస్టినాకు,

ఇద్దరు సిస్టర్లు సెలవులో ఉన్నారు. నిన్న సాయంత్రం ఎక్కిన డ్యూటీ ఇంకా దిగలేదు. కాళ్ళు వాచాయి. కుర్చీలో కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే ఏమనుకోవద్దు.

నిన్న పొద్దుగూకే వేళకు మైదుకూరు దగ్గర కూలీల ఆటో బోల్తా పడింది. అందరినీ ఇక్కడికే తెచ్చారు. మీ కోసిగి వైపువాళ్ళేనట, ఊరికి ఇద్దరు ముగ్గురు. ఒకామె నీ బడి ఉన్న ఊరి పేరే చెప్పింది. దెబ్బలు గట్టివి. ఆమె భర్త మగవాళ్ళ వార్డులో ఉన్నాడు.

నీకు మధ్యాహ్నం రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. చర్చిలో ఉన్నావేమో. వాళ్ళ ఇళ్ళకు పోలీసులు కబురు పంపారన్నారు కాబట్టి మళ్ళీ చేయలేదు. నేను చేసింది బదిలీ గురించి కాదు.

మళ్ళీ పిలుస్తున్నారు. ఈ కవరు వార్డుబాయ్ చేతికిస్తాను, రేపు పోస్టులో వేస్తాడు.

ఏసుమణి

*

కోసిగి,
ఫిబ్రవరి, శుక్రవారం

అక్కా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. ఆరాధన తల్లి రాహేలమ్మను మట్టి చేసిన మరుసటి రోజు.

నీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. అయినా నేను రాయాలి.

ఆదివారం పొద్దున బడి ఉన్న ఊళ్ళో చర్చి మొదలవకముందే మెసేజ్ వచ్చింది. "మైదుకూరు దగ్గర ఆటో బోల్తా, కోసిగి మండలం కూలీలకు తీవ్ర గాయాలు, కడప ఆసుపత్రికి తరలింపు." కింద ఒక ఫొటో. రాసినవాళ్ళ పేరు లేదు. చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని గుర్తు ఉంది. ఆరాధన, వాళ్ళవ్వ, ఇంకా చాలామంది చర్చి బయట నా చుట్టూ నిలబడ్డారు. పాస్టరు అయ్యగారు కూడా ప్రార్థన మొదలుపెట్టకుండా చూస్తున్నారు.

నేను ఆరాధనకే ఫోన్ ఇచ్చాను. నువ్వే చూడమన్నాను. నాకు గర్వంగా ఉండింది, అది కూడా రాస్తున్నాను. ఆ పిల్ల ఫొటోను గూగుల్‌లో పెట్టి వెతికింది. ఆ ఫొటో వేరే జిల్లాలో ఎప్పుడో జరిగిన ప్రమాదానిది. అదే ఆటో, అదే చెట్టు. వార్తల సైట్లలో మైదుకూరు అని కొట్టి చూశాం, ఏమీ రాలేదు. "ఫొటో పాతది మేడమ్," అంది. నేను అందరి వైపు తిరిగి, "అబద్ధం. ఎవరూ భయపడకండి," అన్నాను.

వాళ్ళవ్వ అప్పటికీ వదల్లేదు. "ఏసేపుకు ఫోన్ కలవడంలేదు మేడమ్. నిన్నట్నుంచీ లేదు."

"పొలాల్లో ఉంటారు అవ్వా, చార్జింగ్ ఉండదు," అన్నాను. నాకెలా తెలుసు? తెలియదు. అయినా అన్నాను. ఆరాధన వాళ్ళవ్వ చెయ్యి పట్టుకుని, "అబద్ధమే అవ్వా, మేడమ్ సెప్పింది కదా, దా, లోపలికి పోదాం," అని తీసుకుపోయింది. ఆ రోజు పాటలు కూడా బాగా పాడారు.

కడప ఆసుపత్రి అని చదివినప్పుడు నువ్వు గుర్తుకు రాలేదని చెప్పుకోవచ్చు. వచ్చావు. అక్కను ఒక మాట అడిగితే సరిపోతుందని అనిపించింది. అడిగితే నువ్వు గది సంగతి తీస్తావు, నేను జవాబు చెప్పాలి. సాయంత్రం చూద్దాంలే అనుకున్నాను. మధ్యాహ్నం నువ్వే చేశావు. నీ పేరు చూసి, బదిలీలకు తారీఖులు వచ్చినట్టున్నాయి, అందుకే చేస్తోంది అనుకుని ఫోన్‌ను దిండు కింద పెట్టి పడుకున్నాను. రెండోసారి మోగినప్పుడు మెలకువగానే ఉన్నాను.

పోలీసులు పంపిన కబురు మండలం దాకా వచ్చి ఏ ఊరనేది తేలక ఆగిందట. సోమవారం మధ్యాహ్నానికి ఇక్కడికి చేరింది. ఆమె అప్పటికే పోయింది. ఆదివారం పొద్దున రైలెక్కి ఉంటే గుంతకల్లులో మారి సాయంత్రానికల్లా ఆమె మంచం దగ్గర ఉండేవాళ్ళు. ఈ లెక్క నేను వేయలేదు. ఆరాధన వేసింది. సమాధుల దగ్గర నా పక్కకు వచ్చి నిలబడి, మెల్లగా, "ఫొటో పాతదే కదా మేడమ్?" అని అడిగింది.

"పాతదే," అన్నాను.

"మరి మనం తప్పు యాడ జేసినాం?"

వాళ్ళవ్వను పట్టుకునే నెపంతో నేను అటు వెళ్ళిపోయాను.

ఊళ్ళో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. "మేడమ్ ఏం జేస్తాది పాపం, మన మంచికే సెప్పింది," అంటున్నారు. తిడితే బాగుండేది. సార్ మాత్రం కొన్నాళ్ళు శనివారం పీరియడ్ ఆపమన్నాడు. నేను సంతోషంగా ఆపేశాను. బోర్డు మీద ఆ మూడు ప్రశ్నలు చెరిపేశాను. మళ్ళీ రాసే శక్తి నాకు లేదు.

గది ఖాళీగా ఉందన్నావు. వస్తాను.

క్రిస్టినా

*

కడప,
ఫిబ్రవరి చివర

క్రిస్టినాకు,

ఆ మంచం నాదే. అంటే నా వార్డులోది. ఆమెకు సెలైన్ పెట్టింది నేను.

ఫోన్ ఎందుకు ఎత్తలేదని నిన్ను అడగను. నేనూ మూడోసారి చేసి ఉండొచ్చు. పోలీసులు కబురు పంపారని వార్డులో ఎవరో అన్నారు, విన్నాను. ఎవరు పంపారు, ఎవరికి అందింది అని అడగలేదు. నువ్వు పిల్లల చేత అడిగిస్తున్న ప్రశ్నలు అవే కదా. డ్యూటీలో ఉన్న మనిషిని, అడిగే హక్కు కూడా ఉన్నదాన్ని. అడగలేదు. అలసిపోయి ఉన్నాను అని చెప్పుకుంటున్నాను. అందరం అలసిపోయే ఉంటాం.

ఇన్నాళ్ళూ నువ్వు ఇక్కడికి రావాలని పోరాను. ఇప్పుడు వస్తానంటే నాకు సంతోషం కలగడం లేదు. రా, వద్దనను. అయితే ఇప్పుడు వస్తే నువ్వు ఈ గదికి వచ్చినట్టు కాదు, ఆ పిల్ల అడిగిన మాటకు జవాబు చెప్పకుండా వచ్చినట్టు. అది అడిగింది ఏడుస్తూ కాదు, నిన్ను తప్పుపట్టడానికీ కాదు. దానికి నిజంగా తెలియాలి. నువ్వు నేర్పించావు కాబట్టే అడిగింది.

ఏసేపు ఇంకా ఇక్కడే ఉన్నాడు. కాలికి ఆపరేషన్ అయింది. మీ బావ రోజూ క్యారియర్ తీసుకుపోయి పక్కన కూర్చుంటున్నాడు. ఫోన్ ఇంట్లో పెట్టి పోతున్నాడు, నేను చెప్పలేదు.

అన్నం తిను.

ఏసుమణి

*

కోసిగి,
మార్చి చివర

అక్కా,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. తర్వాత శనివారం వచ్చింది.

సార్‌ను అడిగి ఆఖరి పీరియడ్ తీసుకున్నాను. ఆరాధన ఆ వారమే మళ్ళీ బడికి రావడం మొదలుపెట్టింది. ముందు బెంచీ వదిలి కిటికీ పక్కన కూర్చుంటోంది. నేను సుద్దముక్క పట్టుకోలేదు. నిలబడి చెప్పాను. ఫొటో పాతదని మనం కనుక్కున్నాం, అది నిజం. ఫొటో పాతదైతే వార్త అబద్ధమని నేను అన్నాను, అది తప్పు. ఆ తప్పు ఆరాధనది కాదు, నాది. ఎవరో దొరికిన ఫొటో తెచ్చి నిజమైన వార్తకు అంటించారు. మనకు ఆ పూట తెలిసింది ఫొటో సంగతి ఒక్కటే. మనుషుల సంగతి తెలియలేదు. తెలియనప్పుడు తెలియదని చెప్పి, తెలిసినవాళ్ళను అడగాలి. కడపలో మా అక్క ఉంది, నేను అడగలేదు.

ఓబుళేశు మెల్లగా, "తెలీదు అంటే ఊళ్ళోవాళ్ళు ఊరుకోరు మేడమ్," అన్నాడు.

"ఊరుకోరు. అయినా అదే చెప్పాలి," అన్నాను.

గంట కొట్టాక పిల్లలు వెళ్ళిపోయారు, ఆరాధన ఆగింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. దాని తల్లి చివరి గంటల గురించి ఊళ్ళో చాలా కథలు అల్లుకున్నారు. కీర్తన పాడుతూ పోయిందని ఒకరు. "ఆరాధనా, ఆరాధనా" అని పిలుస్తూ పోయిందని ఒకరు. ముఖం వెలిగిపోయిందని అయ్యగారు ప్రసంగంలో కూడా చెప్పారు. అందరూ ప్రేమతోనే చెప్తున్నారు. వీళ్ళలో ఒక్కరు కూడా అక్కడ లేరు.

"ఈళ్ళకు ఎవరు సెప్పినారు మేడమ్?" అని అడిగింది.

"తెలియదు," అన్నాను.

"మీ అక్క ఉన్నింది కదా ఆడ. నేను ఆమెకు రాస్తా. రాయొచ్చునా?"

దాని కాగితం ఇందులోనే పెడుతున్నాను. నేను చదవలేదు. దానికి ఏం రాస్తావో నీ ఇష్టం. నన్ను అడగొద్దు.

ఈ ఏడాది బదిలీకి దరఖాస్తు పెట్టడం లేదు. బాగున్నానని కాదు. వచ్చే శనివారం ఏం చెప్పాలో ఇంకా ఆలోచించలేదు, అంతే. ఎండలు ముదిరాయి. గదిలో ఫ్యాను తిరుగుతుంది గానీ గాలి రాదు.

క్రిస్టినా

*

సిస్టరమ్మ గారికి,

వందనాలు. నా పేరు ఆరాధన. తొమ్మిదో తరగతి. మా అమ్మ పేరు రాహేలమ్మ. మీ వార్డులో ఉన్నింది అని మేడమ్ చెప్పింది.

మా ఊర్లో అందరూ మా అమ్మ గురించి చెప్తాండారు. ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్తాండారు. ఆసుపత్రి నుంచి వచ్చిన మా నాయనను అడిగితే నేను ఏరే వార్డులో ఉన్నెను, నాకు తెలీదు అని ఏడుస్తాడు. మా అవ్వ అయితే అవన్నీ నమ్ముతాది. నమ్మితే ఆమెకు నిద్ర పడతాది. నాకు పట్టడం లేదు.

మీరు చూసిందే రాయండి. విన్నది వద్దు. నేను బాధ పడతానని ఏమీ కలపొద్దు. చూడంది ఉంటే చూడలేదు అని రాయండి.

ఇట్లు,
ఆరాధన

*

కడప,
ఏప్రిల్

ఆరాధనకు,

నీ ఉత్తరం వచ్చి పది రోజులు దాటింది. ఆలస్యం చేసింది పని వల్ల కాదు. రెండుసార్లు రాసి చింపేశాను. ఆ రెండింటిలోనూ నువ్వు వద్దన్నవి కలిశాయి.

నేను చూసింది ఇది.

శనివారం చీకటి పడే వేళకు మీ అమ్మను స్ట్రెచరు మీద తెచ్చారు. తెలివిలోనే ఉంది. పేరు అడిగితే చెప్పింది, ఊరు అడిగితే చెప్పింది. కడుపులో దెబ్బ తగిలింది, బయటికి రక్తం పెద్దగా లేదు. నొప్పి ఉందా అంటే ఉంది అంది. సూది వేశాక తగ్గిందంది. పూర్తిగా పోలేదనుకుంటాను, నొసలు ముడుచుకునే ఉంది.

రెండు చేతులూ మోచేతుల దాకా పసుపుగా ఉన్నాయి. దూదితో తుడిచాను, పోలేదు. మంచం మీదికి మార్చినప్పుడు చేతులు రెండూ పైకెత్తి పట్టుకుంది. ఎందుకమ్మా అంటే, "తెల్ల దుప్పటి, పసుపు అంటుతాది" అంది. అంటితే ఉతుకుతారులే అన్నాను. అప్పుడు దించింది.

మీ నాన్న ఎలా ఉన్నాడని అడిగింది. నేను మగవాళ్ళ వార్డుకు పోయి చూసి వచ్చి, కాలు విరిగింది, బతికే ఉన్నాడు అని చెప్పాను. అది నిజం. ఆమె తల ఊపింది.

నీళ్ళు అడిగింది. ఆపరేషన్ ఉంటుందని డాక్టరు ఇవ్వవద్దన్నారు. తడి దూదితో పెదవులు అద్దాను. చాలాసార్లు అడిగింది, నేను ఇవ్వలేదు.

కీర్తన పాడడం నేను వినలేదు. ముఖం వెలగడం నేను చూడలేదు. అలసిపోయిన మనిషి ముఖంలాగే ఉండింది. ఆరాధన అనే పేరు ఆమె నోట నేను వినలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆపరేషన్‌కు తీసుకుపోయే ముందు, "మా ఇంటికి తెలిసినాదా?" అని అడిగింది. తెలిసింది, వస్తున్నారు అని చెప్పాను. అది నాకు తెలిసి చెప్పిన మాట కాదు. ధైర్యంగా ఉంటుందని చెప్పాను. ఆమెతో నేను అన్నవాటిలో నిజం కానిది అదొక్కటే. మీ మేడమ్‌కు కూడా ఇది చెప్పలేదు.

ఆమె నమ్మింది. నమ్మి, "పాపకు పరీక్షలుండాయి. దాన్ని తోడుకోని రావద్దనండి," అంది. పాప అంది, పేరు చెప్పలేదు. నువ్వు ఒక్కదానివే కూతురివి అని మీ నాన్న చెప్పాడు కాబట్టి అది నువ్వే అనుకుంటున్నాను.

ఆపరేషన్ అయ్యాక కళ్ళు తెరిచింది. నన్ను చూసింది. మాట్లాడలేదు. కాసేపటికి నా డ్యూటీ అయిపోయింది, ఇంటికి వెళ్ళి పడుకున్నాను. సోమవారం తెల్లవారేటప్పటికి పోయింది. అప్పుడు నేను అక్కడ లేను. ఎలా పోయిందో నాకు తెలియదు.

ఆ పూట డ్యూటీలో ఉన్న సిస్టరు పేరు కృష్ణవేణమ్మ. నెమ్మదైన మనిషి. ఆమెకు నీ ఉత్తరం చూపించాను. నన్ను రాయమంటే రాయను, పిల్ల వస్తే కూర్చోబెట్టుకుని చెప్తాను అంది. సెలవుల్లో మీ నాన్నను చూపించడానికి ఇక్కడికి తేవాలి కదా, మీ మేడమ్ నిన్నూ తీసుకొస్తుంది. మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. ఆమె దగ్గరికి నేనే తీసుకుపోతాను. నువ్వు అడుగు, ఆమె చూసింది ఆమె చెప్తుంది. నేను బయట కూర్చుంటాను.

ఏసుమణి